ప్రశ్నలావిడ

“అందగత్తె అయి ఉంటే నాకింత మంట పుట్టేది కాదు తమ్ముడూ. పోనీలే, కళ్ళున్న మగాడు, చూశాడు అని సరిపెట్టుకునేదాన్ని. ఆవిడ మామూలు మనిషి. నాలాగే. నాకంటే ఓ చుట్టు లావు కూడా. మరి ఆవిడలో ఏముందని మా ఆయన అక్కడ నోరు విప్పి, ఇంటికొచ్చి తాళం వేసుకుంటాడు? గడ్డం పైకెత్తు. ఎడమ చెవి దగ్గర నొక్కుతోందా?”

నొక్కడం లేదన్నాను.

“నొక్కితే నొక్కుతోందని చెప్పు. మొహమాటపడి ఇంటికెళ్ళాక నన్ను తిట్టుకోకు.”

నేను ఆ కళ్ళద్దాల షాపుకి మొదటిసారి వెళ్ళింది విరిగిన కాడ మార్పించుకోవడానికి. ఆ తర్వాత వెళ్ళినవన్నీ సాకులే. మర వదులైందని ఒకసారి, తుడుచుకునే గుడ్డ పోయిందని ఒకసారి. అక్క (అలాగే పిలవమంది) మాట మొదలుపెడితే మధ్యలో లేవబుద్ధి కాదు. ఈ సంగతంతా ఆవిడ ముక్కలు ముక్కలుగా, బేరం వచ్చినప్పుడల్లా ఆపుతూ చెప్పింది. వరస మాత్రం నేను పెట్టుకున్నాను.

షాపుకి మూడు గదులు. ముందు గదిలో ఫ్రేములున్న గాజు బీరువాలు. దాని వెనక కిటికీ లేని చిన్న గది, కళ్ళు పరీక్ష చేసేది. అన్నిటికంటే వెనక ఆయన గది. అక్కడ అద్దాలు అరగదీసే మిషను, దాని మీద సన్నగా కారే నీళ్ళు, అడుగున తెల్లటి బురద పేరుకున్న బకెట్టు. అక్క కళ్ళు చూసి పవర్ చీటీ రాసి గోడలో ఉన్న కన్నంలోంచి తోస్తుంది. ఆయన అద్దాలు చేసి అదే కన్నంలోంచి ఇవతలికి తోస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. “మా కాపురం సగం ఆ కన్నంలోంచే జరిగింది” అంటుంది అక్క.

కిందటేడు ఆ కన్నంలోంచి అద్దాలు రావడం తగ్గిపోయింది. మొదట ఆలస్యమయ్యేవి. తర్వాత ఎడమ కంటిది కుడి కంటికి వచ్చేది. ఒక రోజు మధ్యాహ్నం నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగకపోతే అక్క లోపలికి వెళ్ళి చూసింది. ఆయన మిషను ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో అద్దం లేదు. నీళ్ళు కారుతున్నాయి, బకెట్టు పొంగి చెప్పులు తడిసిపోతున్నాయి, ఆయన కాళ్ళు తియ్యలేదు.

“ఏమండీ, ఏమైంది అంటే ‘ఏం లేదు’ అన్నాడు. ఆ ఏం లేదు ఎనిమిది నెలలు నడిచింది తమ్ముడూ. తిన్నారా అంటే ఏం లేదు. ఎక్కడ నొప్పి అంటే ఏం లేదు.”

డిప్రెషన్ అని డాక్టరు చెప్పాడు. ఒక మందు మూడు నెలలు వాడారు. తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. ఇంకో మందు వాడారు. నిద్ర వచ్చింది గానీ మనిషి రాలేదు. అప్పుడు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: కొత్త మాత్ర ఒకటి వచ్చింది, అది పని చేస్తుందో లేదో తేల్చడానికి ఒక పరిశోధన జరుగుతోంది, ఇష్టమైతే చేరవచ్చు. మూడొందల మందిలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం దాని లాగే ఉండే, మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది పడిందో ఇచ్చే డాక్టరుకీ తెలియదు, మింగే మనిషికీ తెలియదు. పన్నెండు వారాలు. రెండు వారాలకోసారి వచ్చి పదిహేడు ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఏ నిమిషంలోనైనా మానేసి మామూలు వైద్యానికి వెళ్ళిపోవచ్చు.

“ఉత్త మాత్ర పడితే ఎలాగమ్మా అన్నాను. మా ఆయన అప్పుడు నోరు తెరిచాడు. ‘రెండు అసలు మాత్రలు చూశాంగా, ఇది కూడా చూద్దాం’ అన్నాడు. అంత పెద్ద వాక్యం విని ఎన్నాళ్ళయిందో! వెంటనే సాక్షి సంతకం పెట్టేశాను.”

ప్రశ్నలడిగేది డాక్టరమ్మ కాదు. అందుకు వేరే మనిషి ఉంది. రెండో అంతస్తులో వసారా చివర ఆవిడ గది. గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కిటికీ. బయట ఒక బెంచీ. తోడు వచ్చినవాళ్ళు బెంచీ మీదే కూర్చోవాలి. ఆవిడ పేరు కోటు మీద రాసే ఉంటుంది గానీ అక్క ఎప్పుడూ పలకదు. ప్రశ్నలావిడ అంటుంది.

మొదటి రోజు తలుపు మూసుకున్నాక అక్క బెంచీ మీద కూర్చుని, అయిదు నిమిషాల్లో వచ్చేస్తాడులే, ఆవిడ పదిహేడు అడిగితే ఈయన పదిహేడుసార్లు ఏం లేదు అంటాడు, పని అయిపోతుంది అనుకుంది. పావుగంటయింది. అరగంటయింది. తలుపు పైన వెంటిలేటర్ తెరిచే ఉంది. అందులోంచి ఆయన గొంతు వినిపించింది. మాటలు పూర్తిగా తెలియడం లేదు గానీ గొంతు ఆగడం లేదు.

“నలభై అయిదు నిమిషాలు తమ్ముడూ! ఎనిమిది నెలల మాటలు మూట కట్టి ఉంచి తీసుకెళ్ళి అక్కడ విప్పాడు. బయటికొచ్చాక ‘ఏం అడిగింది?’ అన్నాను. ఏమన్నాడో చెప్పు చూద్దాం.”

“ఏం లేదు అన్నాడా?”

“నువ్వు కూడా మగాడివేగా, నీకు తెలుస్తుంది.”

రెండోసారి ఆసుపత్రికి వెళ్ళే రోజు ఆయన తనంతట తానే గడ్డం గీసుకున్నాడు. నీలం చొక్కా వెతుక్కున్నాడు. మనిషి కాస్త తేరుకుంటున్నాడని ఎవరైనా సంతోషిస్తారు. అక్క కూడా సంతోషించింది, చొక్కా బొత్తాలు పెట్టుకునే దాకా. ఆ తర్వాత మేడ మీద వాటాలో ఉండే ఆడపడుచు కిందికి దిగి వచ్చి, అన్నయ్యని ఎగాదిగా చూసింది.

“వదినా, మా అన్నయ్య పెళ్ళిచూపులకి కూడా ఇంత నున్నగా రాలేదు కదే!”

“అవును, నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ముల్లులా ఉంది గడ్డం.”

“ఆసుపత్రిలో సవతి దొరికిందేమో చూసుకో.”

“చూసుకుంటూనే ఉన్నాను. బయట బెంచీ మీద కూర్చుని మరీ.”

ఆడపడుచు సరదాకే అంది. అక్కకు మాత్రం ఆ మాట రాత్రి అన్నం ముందు కూడా వదల్లేదట. ప్రశ్నలావిడ మీద అనుమానం లేదు. అలాంటి పిచ్చి అనుమానం కాదని నాతో మూడుసార్లు చెప్పింది. అనుమానమైతే ఒక రకంగా సుఖం, పట్టుకుని జుట్టు పీకొచ్చు అంది. ఇదేమో, తన ఇంటి గుమ్మం ముందు తను నిలబడి తలుపు కొడుతుంటే, వీధినపోయే మనిషి వెళ్ళగానే తలుపు తెరుచుకున్నట్టు ఉందట.

ప్రశ్నలావిడకు ఒక నియమం ఉంది. మూడొందల మందినీ ఒకే మాటలతో, ఒకే గొంతుతో అడగాలి. ఎవరేం చెప్పినా అయ్యో అనకూడదు, భేష్ అనకూడదు. కాబట్టి ఆయన మాటలు తెలియకపోయినా, ఆవిడ ప్రశ్నలు మాత్రం వెంటిలేటర్‌లోంచి ప్రతిసారీ అక్షరం మారకుండా స్పష్టంగా వచ్చేవి. అక్క ఇరవై రెండేళ్ళుగా ఒకే అక్షరాల బోర్డు ముందు బతికిన మనిషి. మూడో విడత అయ్యేసరికి పదిహేడు ప్రశ్నలూ వరసతో సహా వచ్చేశాయి. షాపుకొచ్చి పవర్ చీటీల వెనక రాసుకుంది.

మర్నాడు పొద్దున టీ గ్లాసు ఆయన ముందు పెట్టి మొదలుపెట్టింది.

“ఈ వారం రోజుల్లో మీ మనసు ఎలా ఉంది?”

ఆయన గ్లాసు పట్టుకుని అలాగే చూశాడు.

“ఏంటలా చూస్తారు? నేనడిగితే జవాబు రాదా?”

“బరువుగా ఉంది.”

ఆ ఒక్క ముక్కకే అక్కకు ఏనుగెక్కినట్టయింది. రెండో రోజు కూడా అడిగింది. మూడో రోజు కూడా. నిద్ర పట్టడానికి ఎంతసేపు పడుతోంది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, పని మీద ఆసక్తి ఎలా ఉంది, అన్నం సయిస్తోందా. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఇష్టంతోనో, ఇది కూడా వైద్యంలో భాగమనుకునో, అక్క పోరు పడలేకో తెలియదు.

“నాకు కావలసింది ఒకటే తమ్ముడూ. ఆవిడకంటే ముందు నాకు చెప్పాలి. నాకు చెప్పగా మిగిలింది ఆవిడకి చెప్పుకోనీ.”

అయితే అక్క అడిగినవి పదహారే. పదోది అడగలేదు. చీటీ మీద రాసుకుంది గానీ నోటికి రాలేదు. బతకడం అనవసరమని ఈ వారంలో అనిపించిందా అన్నది ఆ ప్రశ్న. తొమ్మిది అయ్యాక పదకొండుకి దూకేది. అయిదారు రోజులు చూసి, ఒక పొద్దున ఆయన గ్లాసు కింద పెట్టి అన్నాడు: “ఒకటి వదిలేస్తున్నావు.”

“ఏం వదల్లేదు.”

“పదోది.”

“టీ చల్లారిపోతోంది, తాగండి” అని అక్క లేచి వెళ్ళిపోయింది. వంటగదిలో నిలబడి తనని తనే తిట్టుకుంది. ఆ ప్రశ్నకి ఆయన జవాబు ఏదో ఒకటి ఉంది. అది ఇప్పటికి మూడుసార్లు ఆ గదిలో, ఆ బల్ల మీద పెట్టాడు. ఆవిడ మూడుసార్లూ రాసుకుంది. కట్టుకున్న పెళ్ళాం ఒక్కసారి కూడా వినలేదు.

నాలుగో విడత ఆరో వారంలో వచ్చింది. ఆ రోజు అరగంట కూడా కాకుండానే తలుపు తెరుచుకుంది. ప్రశ్నలావిడ బయటికి వచ్చి, “అమ్మా, మీరొకసారి లోపలికి రండి” అంది. ఆ గదిలోకి అక్క అడుగుపెట్టడం అదే మొదలు. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. అక్క ముందు చూసింది కుర్చీల మధ్య ఎంత దూరం ఉందో. బల్లంత దూరం. కొంచెం ఊరట.

“ఈ ప్రశ్నలు మీరు ఇంట్లో అడుగుతున్నారట.”

“అడిగితే తప్పా? నా మొగుడు.”

“ఎవరిచ్చారు మీకు?”

“మీరే ఇచ్చారు. ఆ వెంటిలేటర్ మూసుకుని ఉంటే ఇచ్చేవారు కాదు.”

ప్రశ్నలావిడ తలెత్తి వెంటిలేటర్ చూసింది. నవ్వొచ్చిందేమో, ఆపుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. ఈ రోజు నాలుగో ప్రశ్న సగం అడిగేసరికే జవాబు అయిపోయింది. అయిదోది అడక్కముందే వచ్చింది. ఎక్కాలు అప్పజెప్పినట్టు గడగడా చెప్పుకుపోయారు. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఆగారు, చాలాసేపు కిటికీలోకి చూశారు, ఆ తర్వాత చెప్పారు. మిగతావన్నీ ఎక్కడో చెప్పి చెప్పి అరిగిపోయాయని అప్పుడు అర్థమైంది.

“ఆ ఒక్కటీ మీరు అడగలేదు కదా?”

“లేదు.”

“ఎందుకని?”

“జీతం తీసుకుని అడిగేదాన్ని కాదు కనక.”

చురుక్కుమనే మాటే. అని ఉండకూడదని అక్కే ఒప్పుకుంది. ప్రశ్నలావిడ కలం కింద పెట్టేసింది. ఆ మాట మాత్రం రాసుకోలేదు.

డాక్టరమ్మ దగ్గర ఇంకో అరగంట పట్టింది. ఆవిడ కోప్పడలేదు. ఆ జవాబులకి వేసే మార్కులు ఎంత తగ్గితే జబ్బు అంత తగ్గినట్టట; అవి ఒక్కసారిగా సగానికి పడ్డాయని చూపించింది. “ఇది మాత్ర పనా, మీ టీ పనా, నేనెలా చెప్పగలను? మాకు కావలసింది ఆయనొక్కడి సంగతే కాదు. రేపు ఇలాంటి జబ్బుతో వచ్చే ఎవరికైనా ఈ మాత్ర ఇవ్వచ్చా లేదా అని” అంది. ఇవాళ్టి మార్కులు లెక్కలోకి తీసుకోరు, జరిగింది జరిగినట్టు కాగితం మీద రాస్తారు. మాత్ర ఆపరు. కానీ ఇంకోసారి ఇలా జరిగితే ఆయన్ని పరిశోధనలోంచి తప్పించాల్సి వస్తుంది.

“నా షాపులో బెంచీ మీద కూర్చుని బోర్డు బట్టీ పట్టేవాళ్ళుంటారు తమ్ముడూ. ఉద్యోగానికి కాగితం కావాలని, కళ్ళజోడు వద్దని. కుర్చీలో కూర్చోగానే ఆఖరి వరస దాకా టకటకా చదివేస్తారు. అలాంటోళ్ళని బోర్డు తిప్పేసి పట్టుకోవడంలో నా అంతటిది లేదు. అలాంటి నేను మొగుడికి బోర్డు బట్టీ పట్టించాను. కళ్ళు బాగయ్యాయని మురిసిపోయాను.”

ఇంటికొచ్చేదాకా బస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదు. షాపు తాళం తీసి లోపలికి వెళ్ళగానే ఆయన అరిచాడు.

“ఉన్న ఒక్క దారీ మూయించేదానివి! రెండు మందులు అయిపోయాయి. మూడోది కూడా పోతే ఎక్కడికి పొమ్మంటావు నన్ను?”

“నాకు చెప్పరు, ఆవిడకి చెబుతారు. నేనేం పాపం చేశాను?”

“నీకు చెబితే నీ మొహం చూడాలి. నా బరువు నేనే మొయ్యలేకపోతుంటే దాని మీద నీ మొహం కూడా మొయ్యాలి. ఆవిడకి మొహం లేదు. రాసుకుంటుంది, పేజీ తిప్పుతుంది.”

పక్కన బట్టలు కుట్టే అతను గుమ్మంలోకి వచ్చి తొంగిచూసి వెళ్ళాడట. “సిగ్గుతో చచ్చాను. హాయిగా కూడా ఉంది. గొంతు లేచింది తమ్ముడూ, నా మీద. ఆవిడ మీద లేవలేదుగా ఎప్పుడూ?” అంటూ అక్క నా కళ్ళద్దాలు తీసి, తుడిచిందే మళ్ళీ తుడిచింది.

మిగిలిన ఆరు వారాలూ ఆడపడుచు తోడు వెళ్ళింది. అక్క ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయేది. చీటీలన్నీ చింపేసింది. పొద్దున టీ దగ్గర కూర్చుని ఎండ గురించి, ఫ్రేముల గురించి మాట్లాడేది. అది కూడా సుఖంగా లేదు. ఒకరోజు ఆయనే, “రాత్రి మధ్యలో మెలకువ రాలేదు” అన్నాడు. ఎంతసేపు పడుకున్నారు అని అడగబోయి నాలుక కరుచుకుంది. అది ఆరో ప్రశ్న. అడిగే హక్కు ఎవరికుందో గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. “నా మొగుడి నిద్ర నేను అడక్కూడదు, చూడు” అని నాతో అన్నప్పుడు కూడా ఆ మంట చల్లారలేదు.

పన్నెండు వారాలు అయిపోయాయి. ఆయనకు పడింది అసలు మాత్రో ఉత్త మాత్రో ఇంకా తెలియదు. మూడొందల మందివీ పూర్తయి లెక్కలు తేలాకే చెబుతారట. ఆ సంగతి పక్కనపెట్టి డాక్టరమ్మ ఆయన్ని మామూలు వైద్యంలోనే చూస్తోంది. రోజుకి నాలుగు జతలు చేస్తున్నాడు. ఇదివరకు పది చేసేవాడు. కుడిది కుడికీ, ఎడమది ఎడమకీ వస్తున్నాయి.

మొన్న నేను వెళ్ళేసరికి అక్క మొహం వేరుగా ఉంది. ఇంకెవరూ లేరు. వెనక మిషను తిరుగుతోంది.

“పదోది అడిగాను” అంది.

అంతకు ముందు రోజు మధ్యాహ్నం, అద్దం మీద కొలతకి పెట్టుకునే గీత సరిగ్గా కనబడటం లేదని ఆయన వచ్చాడు. అక్క ఆయన్ని చిన్న గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, లైటు తీసేసింది. ఆ గదిలో ఎప్పుడూ అంతే, వెలిగేది బోర్డు ఒక్కటే. ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అంటూ అద్దాలు మార్చింది. అలా మారుస్తూండగా తోచింది. బోర్డు లైటు కూడా తీసేసింది.

“కరెంటు పోయిందా?” అన్నాడాయన.

“లేదు. నేనే తీశాను. నా మొహం కనబడుతోందా?”

“ఏం కనబడటం లేదు.”

“అయితే ఒకటి అడుగుతాను. ఆ కాగితంలో మాటలు కావు, నావే. నన్ను వదిలేసి వెళ్ళిపోవాలనిపించిందా?”

ఆయన ముక్కు మీది ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకున్న చప్పుడు వినిపించిందట. తర్వాత మాట వచ్చింది. ఆయన చెబుతున్నంతసేపూ అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. మధ్యలో ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. “ఆవిడ నియమమే పాటించాను. ఆవిడ జీతానికి పాటించింది, నేను ఉచితంగా.”

“ఏమన్నాడక్కా?”

“ఇప్పుడు అనిపించడం లేదన్నాడు. అదొక్కటీ నీకు చెబుతాను. మిగతాది నాది.” మూతి ముడుచుకుంది. “నాదీ, ఆవిడదీ. చెప్పిందల్లా ముందు ఆవిడకే చెప్పాడుగా. నాకు దొరికింది రెండో చేతి సరుకు.”

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. గల్లాపెట్టె మీదున్న చీటీ ఒకటి లాగి షాపు ఫోన్ నంబరు రాసింది.

“నీ బస్సు ఆ ఆసుపత్రి ముందే ఆగుతుందా?”

“ఆగుతుంది.”

“రెండో అంతస్తు, వసారా చివర గది. ఈ చీటీ ఆవిడకి ఇచ్చి రా. ఆఖరి రోజు సంతకాలకి నన్ను పైకి రానిచ్చారు. అప్పుడు చూశాను, ఆవిడ కాగితాన్ని చెయ్యి చాపి ఇంత దూరం పెట్టుకుని చదువుతోంది. నలభై దాటాయి, దగ్గర చూపు తగ్గింది, పైకి ఒప్పుకోదు. అంతమందిని అడిగే మనిషి ఒక వరస దాటేసిందంటే ఎవరి కొంప మునుగుతుందో. వచ్చి చూపించుకోమను. డబ్బు అక్కర్లేదను. ఈ కుర్చీలో కూర్చోవాలి, నేనడుగుతాను, ఆవిడ చెప్పాలి. అదీ, లైటు తీసేశాక.”

చీటీ జేబులో పెట్టుకుని లేచాను. గుమ్మం దాటబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, వెనక గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“అద్దాలు మాత్రం బయట చేయిస్తాను. మా ఆయన ఆవిడకోసం కూర్చుని అరగదియ్యడం నేను చూడలేను. ఆ ముక్క అక్కడ అనకు. వెళ్ళు, ఆవిడ గదికి తాళం వేసి పోతుంది.”